అక్క కాలు కింది రేకు

నేను కొట్టిన రేకు నలభై ఆరేండ్లల్ల ఒక్కటంటే ఒక్కటి వాపస్ రాలేదు. తాండూరు బజార్ల ఎవలనన్న అడుగుండ్రి. యోబు చేతి రేకు అంటే లారీలోళ్లు టోపీ తీస్తరు, టోపీ లేనోళ్లు తువ్వాల తీస్తరు. పరిగిల కటింగ్ షాపాయనకు ఒక డోరు రేకు సాపుజేసి ఇస్తే ఆయన దాన్ని గోడకు బిగించి ఏడాది దాక అద్దం లెక్క వాడుకున్నడు, గడ్డం గీకిచ్చుకున్నోళ్లు అండ్ల మొకం చూసుకోని, నేను గింత అందంగున్ననా అని అదే కుర్చీల ఇంకోపారి కూసున్నరు. గసుంటి చేతులు గిప్పుడు ఒళ్లె మూట పట్టుకోని పాసింజర్ బండిల కిటికి పక్కన బుద్ధిగ కూసున్నయి. మూటల ఒక రేకు ముక్క. మూరెడు పొడుగు, నిలువునా చీరిన గొట్టం లెక్క గుండ్రంగ వంగి, ఒక కొస ఏటవాలుగ కోసి ఉన్నది. చూసెటోళ్లకు చూరు కింద వానదోనె ముక్క అనిపిస్తది. కాదు. వికారాబాద్‌ల మా భాగమ్మక్క ఇంట్ల ఉన్న పాత జీపుకు సైలెన్సర్ పైపు మీద కప్పే రేకు, అండ్ల ఎనుక సగం. ముందటి సగం జీపుకే ఉన్నది, పోయిన ఆదివారం పోయి దాని సొట్టలు తీసి సక్కగ జేసి వచ్చిన. ఎనుక సగం తుప్పు తిని జల్లెడైంది, కోసి పారేసి, కాయితం మీద దాని కొలత గీసుకోని, తాండూరుల నా దుకాన్ల కొత్తది కొట్టుకోని పోతున్న. పొద్దుగాల పదకొండు గంటలు కొట్టంగ బిగియ్యాలె. బిగిస్తేనే అక్క జీపెక్కుతది, లేకుంటే ఎక్కది, ఎక్కకపోతే పూడూరు కాడ ఎకరంన్నర కంది కోత ఆమె లేకుంటనే అయిపోతది. ఆమె చెట్టు చెట్టునూ పేరు వెట్టి పిలిచే మనిషి.

బండి కదిలింది. చలికాలం ఎండ, పల్చగ, గంజి మీది మీగడ లెక్క. నాపరాళ్ల కుప్పలు ఎనక్కి పోతున్నయి, నీలం రంగువి, బూడిద రంగువి, పట్టాల పక్కపొంటి పేర్చిన బండలు, వాటిని చూస్తే ఇప్పటికీ నా అరికాళ్లు ముడుచుకుంటయి. మా అమ్మ నాయిన ఖనిల పనిజేసేటోళ్లు, మిట్టమధ్యాన్నం అన్నం గిన్నె పట్టుకోని మేమిద్దరం పోయేది, అక్కకు పన్నెండేండ్లు, నాకు నాలుగు, ఎండకు కాలిన బండలు పెనం లెక్క ఉండేటివి, నాకు చెప్పులు లేవు, ఆమెకు సుత లేవు, ఆమె నన్ను చంకనేసుకోని ఒక కాలు లేపి ఒక కాలు వేసుకుంట ఎగురుకుంట పోయేది, నేనేమో ఆటనుకోని ఇంకోపారి ఎగురు ఇంకోపారి ఎగురు అని జుట్టు పట్టి గుంజేది. గా కాళ్లకు ఇప్పుడు ఏమీ తెలుస్తలేదు. షుగర్. ముల్లు గుచ్చినా తెల్వది, నీళ్లు కాగినా తెల్వది. మూడు నెలల కింద జీపు దిగుకుంట ఆ పైపు మీద కాలు మోపి, అట్లనే నిలబడి పక్కింటామెతోని మాట్లాడింది. కాలుతున్న వాసన ముందుగాల ఆమె ముక్కుకే తగిలిందట. ఎవలింట్లనో ఏందో మాడుతున్నదే, పొయ్యి మీద చూసుకోండ్రి, అన్నదట. ఆమె కాలే అది. నాకు ఫోన్ జేసి మా అల్లుడు ప్రేమ్‌సాగర్, అంటే ఆమె కొడుకు, ఏడ్చుకుంట చెప్పిండు, ఆమె ఎనుకనుంచి నవ్వుకుంట చెప్పింది, ఒరే తమ్మీ, కాల్చుకున్నది నేను, ఏడ్చేది వీడు, చూడు. మూడు నెలలు కట్లు. గాయం మానింది. కని జీపు కాడికి పోతే నిలబడిపోతది. యోబు తన చేతితోని రేకు బిగించాలె, బిగించి నా ముందర చెయ్యి పెట్టి చూపియ్యాలె, గప్పుడు ఎక్కుత, అన్నది. వేరే మెకానిక్ వద్దు, వేరే రేకు వద్దు. గంత నమ్మకం.

ఇగ నమ్మకం అనే మాట వచ్చింది గనుక, మీరు బండి దిగిపోకముందే చెప్తున్న, వాపస్ రాలేదన్న గదా, అది గా జీపును పక్కకు పెట్టి చెప్పిన లెక్క. ఆ జీపు రేకు ఒక్కటే మూడుసార్లు వచ్చింది. బాలస్వామి బావ, అక్క పెనిమిటి, మనిషి పోయి తొమ్మిదేండ్లాయె, ఆయన దాన్ని డిస్పోజల్ల కొన్నడు, మిలిటరీ జీపు, నాకంటే రెండేండ్లు పెద్దది. అనంతగిరి గుట్ట బండలల్ల అడుగు తగులుతున్నదని సైలెన్సర్ పైపును కిందికెళ్లి తీసి పక్కకు, సరిగ్గ కాలు పెట్టి ఎక్కే పట్టీ పక్కపొంటి పెట్టిచ్చిండు. దాని సప్పుడు మామూలుది కాదు, బొంరాస్‌పేటల స్టార్ట్ జేస్తే కొడంగల్‌ల కోళ్లు గుడ్లు పెట్టుడు ఆపేవి, తెల్లారి డబల్ పెట్టేవి. దానికి నేను జేసిన మొదటి రేకు గజ్జెల లెక్క మోగింది. రెండోది నెల తిరగకముందే నల్లగ మాడి మడతవడ్డది, ఎందుకంటే పైపుకు ఆనిచ్చి బిగించిన, గాలి పోయే సందు లేదు. మూడోదానికి బుద్ధి వచ్చి రెండు వేళ్ల సందు పెట్టిన, గది పదిహేనేండ్లు ఉన్నది, మొన్న ప్రేమ్‌సాగర్ గుట్ట మీద బండకేసి గుద్దేదాక. గుద్ది, ఊడిన కొసను తీగెతోని కట్టిండు. తీగెతోని! మేనమామ రేకులోడై ఉండి! గా తీగె తెగిన నాడే అక్క కాలు మోపింది. అంటే నా చేతి రేకులు వాపస్ రాకపోవుడు నిజమే, జీపే వాపస్ వచ్చింది, రేకు ఎప్పుడూ తొవ్వలనే వడిపోయేది.

రుక్మాపూర్ దాటింది. ఎదుటి సీట్ల సంతోషమ్మ అని ఒకామె, పొద్దుగాల పాలు తెచ్చి తాండూరుల పోసి ఖాళీ క్యాన్లతోని ధారూర్‌కు మర్లిపోతున్నది, మూటల ఏముందని అడిగింది. అడిగినంక ఆగుతనా. విప్పి చూపిచ్చిన. చూపిస్తే ఊరుకోవాలె గద, నా పనితనం ఎంత సక్కదనమో తెల్వాలని జేబుల నుంచి కొలత కాయితం సుత తీసి రేకు మీద పరిచిన. కాయితం అంటే అక్క ఇంటి గోడ మీది క్యాలెండర్ల అయిపోయిన నవంబర్ నెల. నా పద్ధతి ఎప్పటికీ ఒకటే. సినిమా పోస్టరో, ఎలచ్చన్ల పోస్టరో, ఏదన్న అచ్చు కాయితం తీసుకుంట, అచ్చున్న దిక్కు బయట, తెల్లగున్న దిక్కు లోపట, గంతే, ఇగ గుర్తు పెట్టుకునే పనిలేదు. గట్లనే పరిచిన. ఏటవాలు కోత కలువలేదు. జర తిప్పిన. కలువలేదు. కాయితం తిరగేసిన. అద్దినట్టు కలిసింది.

అప్పుడు సమజైంది. ఆ క్యాలెండర్‌కు ఎనుక సుత అచ్చున్నది, బండ్ల టైములు, పండుగలు, సెలవులు, నిండ ఉన్నది, నేను టైముల దిక్కును బయటనుకోని కొట్టిన. కుడిచేతికి కుట్టాల్సిన చొక్కాచెయ్యి ఎడమచేతికి కుట్టినట్టు. తలకిందులు చేసి బిగిస్తమా అంటే, అప్పుడు ఏటవాలు కోత ముందటికి వస్తది, ఎనుక పైపు వంపు తిరిగే కాడ జానెడు జాగ బోసిగ ఉంటది. ఆ జానెడు జాగ ఏందో నాకు తెలుసు. అక్క కాలు మోపిన జాగ. బయట కంది చేన్లు, ఎండిన కాయలు, కోసిన మండల కుప్పలు, అంతట కోతలే, ఇయ్యాల కాకపోతే రేపటికి పూడూరుల ఏమీ ఉండది, దుకాన్లకు మర్లిపోయి మళ్లొక రేకు కొట్టుకోని వచ్చేటాలకు ఆమె గోడకు ఆనుకోని కూసుంటది, సరే తమ్మీ ఫికర్ జేయకు అంటది, ఆ సరేనే నేను వినలేను. ఆమె తిట్టినా పడ్త. కని గట్లుండి గట్లనే నా చేతులు నాకంటే ముందుగాల లేచినయి. వాటికి భయం తెల్వది, నాకే తెలుస్తది. రేకు అంటే ఏంది, కాయితమే, జర గట్టి కాయితం. వంపు ఇటు తిరిగింది, దాన్ని సాపుజేసి అటు తిప్పితే కుడి ఎడమైతది, ఎడమ కుడైతది. అంచు మడత ఒక్కటి లోపట ఉండాల్సింది బయటికొస్తది, వస్తే రానీ. అటు తిప్పెతందుకు గుండ్రటిది ఒకటి కావాలె. దుకాన్ల అయితే ఇనుప గొట్టం ఉన్నది. ఇక్కడ ఏమున్నది? ఎదుటి సీటు కింద సంతోషమ్మ క్యాను ఉన్నది, ఇనుముది, పాతది, నా రేకు వంపుకంటే జర లావు, అయినా సరే, రేకు ఎప్పుడైనా కొంచెం ఎనక్కి గుంజుకుంటది, తర్వాత బిగపట్టొచ్చు.

“బిడ్డా, నీ క్యాను జర ఇస్తవా?”

“ఎందుకు కాక, పాలు పిండుతవా?”

“రేకు వంచుత.”

“క్యాను సొట్టవడ్తే?”

“సొట్టలు తీసుడే నా పని. ఇయ్యాల పడ్తే ఇయ్యాలనే తీస్త.”

ఆమె క్యానును కాలితోని నా దిక్కు నూకింది. ధారూర్ దాకనే, అన్నది, ధారూర్ వస్తే నువ్వు సగంల ఉన్నా నేను గుంజుకోని దిగుత. నేను రేకును డోరు కాడ బోర్లేసి దాని మీద ఎక్కి నిలబడ్డ. కర్ణాటక దిక్కు నుంచి వస్తున్న ఒకాయన పేపర్ దించి, “ఏన్ మాడ్తీరి అజ్జా?” అన్నడు, ఏం జేస్తున్నవు తాతా అని. తొక్కుతున్న అన్న. తెలుగు రాకున్నా గా మాట ఆయనకు మంచిగనే సమజైంది, పేపర్ మల్ల ఎత్తిండు. అరవై ఎనిమిదేండ్ల మనిషి రేకు మీద నిలబడి రైలు ఊపుకు ఊగుతుంటే రేకు కిందికెళ్లి టపటప అంటున్నది. మడమతోని నొక్కు, జరుగు, మడమతోని నొక్కు, జరుగు. అక్క బండల మీద ఎగిరినట్టే ఉన్నది ఆట, గిప్పుడు జుట్టు పట్టి గుంజేటోళ్లు లేరు గంతే. సాపైంది. పూర్తిగ కాలేదు, కొంచెం అలలు అలలు, ఫరవాలేదు. క్యానును ఒళ్లె అడ్డం వేసుకోని, తువ్వాల కప్పి, రేకును దాని మీద పరిచి, రెండు అరచేతులతోని కిందికి నొక్కిన. రేకు మొదలు వినది. దానికి పాత వంపు యాదికుంటది, మొండి మనిషి లెక్క అటే పోతనంటది. దాన్ని కొట్టొద్దు, కొడితే ఇంక బిగుసుకుంటది, చెయ్యి అట్లనే పెట్టి ఉంచాలె, బరువు ఇయ్యాలె, జర జర జరపాలె. బావ గిట్లనే అక్కను ఒప్పిచ్చేటోడు, ఏమీ మాట్లాడకుంట పక్కన కూసునేది, ఆమె తిట్టీ తిట్టీ ఆఖరికి తనే లేచి చాయ్ పెట్టేది. జీపు కొన్న దినం సుత గంతే. ఇంటి ముందర ఇనుము తెచ్చి పోసినవా అని ఆమె గంట తిట్టింది. తిట్టి, అదే జీపుల ముందట సీట్ల కూసోని పూడూరు చేనుకు పోయింది, తొవ్వ పొడుగునా తిట్టుకుంటనే పోయింది, వచ్చేటప్పుడు తిట్టలేదు. నడిమధ్యల రేకు మెత్తవడ్డది. అరచేతికి తెలుస్తది గది, చెప్పరాదు, పిండి ముద్ద చెయ్యికి వచ్చినట్టు. ఒక అంచు దిగింది. ఇంకో అంచు దిగింది. ముందు కొస గుండ్రంగైంది, ఏటవాలు కొస ఇంక నాలుగు వేళ్ల మేర తెర్చుకోనే ఉన్నది. బండి నిమ్మలమైంది.

“ధారూర్ వచ్చింది కాక.”

“ఒక్క నిమిషం బిడ్డా.”

“బండి సుత గా ఒక్క నిమిషమే ఆగుతది.”

ఆమె డోరు కాడ నిలబడి ఒక కాలు ప్లాట్‌ఫారం మీద ఒక కాలు బండిల పెట్టింది, నేను రెండు నొక్కులు నొక్కిన, మూడో నొక్కుకు కూత వినవడ్డది, క్యాను ఆమె చేతుల పెట్టిన. సొట్ట చూసుకోని తిట్టింది. ఒక్కటే సొట్ట. వచ్చే నెల తాండూరుకొచ్చినప్పుడు తీస్త అని అరిచిన, ఆమె ఏమన్నదో బండి సప్పుడుల కలిసిపోయింది, మంచి మాటైతే కాదు. క్రీస్తు జాతరప్పుడు గా ధారూర్‌ల మూడు దినాలు పాటలు పాడే మంది నడుమ సుత నేను గంత శ్రద్ధగ ప్రార్థన చేసి ఉండ, మిగిలిన నాలుగు వేళ్ల రేకును నా తొడ మీదేసుకోని నొక్కుకుంట చేసిన. తండ్రీ, ఈ రేకు వంగనీయ్, నేను రేపటి సంది ఒక్క అబద్ధం ఆడ. ఇయ్యాల కాదు, రేపటి సంది. తొడ అంటే క్యాను కాదు, కమిలిపోయింది. గోధుమగూడ దాటేటాలకు వంగింది. కాయితం తీసి, ఈసారి రెండు దిక్కులా చూసి, పరిచిన. కలిసింది. పేపరాయన మల్ల పేపర్ దించి చూసి తల ఊపిండు. నేను సుత ఊపిన, మేమిద్దరం కలిసి జేసినట్టు.

వికారాబాద్ స్టేషన్ బయట జీపు ఉన్నది, ప్రేమ్‌సాగర్ ఉన్నడు, అక్క జీపుల లేదు, ఆటోల కాడ అరుగు మీద కూసున్నది, కొత్త కాన్వాస్ బూట్లు తొడుక్కోని, కొంగు నడుముకు చెక్కి, చేనుకు పోయే తయారు. చూస్తున్నది. ముందటి సగం మీదికి ఎనుక సగం వేలెడు ఎక్కిచ్చి, ఎనిమిది రివిట్లు కొట్టిన. పైపుకూ రేకుకూ నడుమ రెండు వేళ్లు పెట్టి చూసిన, చివరి దాక సాఫీగ పోయినయి. ఏటవాలు కోత పైపు వంపును అంటకుంట తిరిగింది. బోసి జాగ లేదు. “మామా, అంచు మడత బయటికొచ్చిందేంది?” అన్నడు ప్రేమ్‌సాగర్. తీగెతోని కట్టెటోళ్లకు మడతల ముచ్చటెందుకురా అన్న. ఇంజన్ స్టార్ట్ జేయిమన్న. పావుగంట నడిపిచ్చిన, పైపు కొస కాడ గాలి వణికేదాక. అక్క లేచి వచ్చింది. నేను రేకు మీద అరచెయ్యి పెట్టిన. వెచ్చగున్నది, మబ్బుల నాటి గోడ లెక్క, గంతే. ఒకటి నుంచి వంద దాక ఎంచిన. ఆమె నా చెయ్యిని చూడలేదు, నా మొకం చూసింది. చెయ్యి తియ్యకు, అన్నది. తియ్యలే. నా వేళ్ల పక్కన కాలు పెట్టింది. బూటు అంచు నా చిటికెనవేలికి తగిలింది. ఆమె కాలికి తెల్వనిదంత నా చెయ్యికి తెలుస్తున్నది.

“గింత చలిల గా చెమటలేందిరా?” అన్నది.

ఊరుకోవాల్సింది. కని నా నోరు. రైలు ముచ్చట మొత్తం చెప్పిన, తిరగవడ్డ రేకు, క్యాను, తొడ, అన్ని, చెప్పి ఆఖరికి, తప్పు నాది కాదక్కా, నీ క్యాలెండర్‌ది, రెండు దిక్కులా అచ్చేసిండ్రు, ఎవలన్న గట్లేస్తరా అన్న. ప్రేమ్‌సాగర్ నవ్విండు. అక్క నవ్వలేదు. నా దిక్కు నిదానంగ చూసింది.

“అవునురా తమ్మీ,” అన్నది, “ఆ క్యాలెండర్ మంచిది కాదు. నెలంత గట్లనే సతాయించింది.” అని, నా భుజం పట్టుకోని, రేకు మీద మొత్తం బరువేసి, జీపెక్కి కూసున్నది. పూడూరు దిక్కు పోయిండ్రు, నేను స్టేషన్ కాడనే నిలబడ్డ, సప్పుడు వినవడ్డంత సేపు విన్న. రేకు మోగలేదు.

గిదంత నిజమే. సంతోషమ్మ నిజం, ఆమె తిట్లు నిజం, తొడ మీద మచ్చ ఉన్నది, అడిగితే చూపిస్త. కోళ్ల ముచ్చట మీరెట్లాగు నమ్మలేదు. కల్పించినది ఒక్కటే. ఆ నవంబర్ కాయితం ఎనుక ఏ టైములూ లేవు, ఏ పండుగలూ లేవు. ఉత్త తెలుపు. ఏ దిక్కు బయటనో ఏ దిక్కు లోపటనో గుడ్డోనికి సుత తెలుస్తది, నేనే తిరగేసి పెట్టి కొట్టిన. గది అక్కకు తెలుసు. నెల అయిపోంగనే చింపి, ఆ తెల్ల దిక్కు మీద ఆదివారం చర్చిల పాడే పాటల నంబర్లు రాసుకునేది ఆమెనే.